ప్రాసెసర్ల గాలి కూలర్లు : పరీక్షలు చెప్పునది, చెప్పనిది

గంపలగూడెములో వేసవినాడు "ఎయిర్ కూలరు" అన్నచో ఎవరైనను కిటికీకడ నిలిపెడు నీటి పెట్టెనే తలంతురు. తడిసిన పీచుగుండా గాలి పోవును, నీరు ఆవిరియగుచు గాలిలోని వేడిని గ్రహించును, గది చల్లబడును. మట్టికుండలోని నీరు చల్లబడుటకు గల కారణమే ఇక్కడను పనిచేయుచున్నది. కంప్యూటరు పెట్టెలో ప్రాసెసరుపై బిగించు సాధనమునకును కూలరనియే పేరు. కాని దాని తీరు వేరు. అందులో ఆవిరియై వెలికి పోవు నీరు లేదు. లోహపు రెక్కలు, వాని నడుమ గాలిని తోయు ఫాను, ఇంతియే. కావున నీటి కూలరు గదిలోని గాలికంటె చల్లని గాలిని ఈయగలదు. ప్రాసెసరు కూలరు మాత్రము ప్రాసెసరును గదిలోని గాలికంటె చల్లగా ఎన్నటికిని ఉంచజాలదు. ఈ ఒక్క సంగతి మరువనివారికి ఈ కూలర్లను గూర్చి ప్రకటింపబడు పరీక్షల విలువ చాలవరకు తెలియును. మరచినవారిని పరీక్షలోని అంకెలు, ఎంత నిక్కమైనవైనను, పెడదారి పట్టింపగలవు.

ఇట్టి పరీక్షలను ప్రకటించువారిలో ఎక్కువమంది అమెరికా, ఐరోపా దేశములవారు. వారి గదులలో ఉష్ణోగ్రత సాధారణముగా 20 మొదలు 25 డిగ్రీల సెల్సియస్ నడుమ నుండును. ఆ ఫలితములను చదివి వస్తువును కొనువాడు తిరువూరు ప్రాంతమున ఒక పాఠశాల కంప్యూటరు గదికి బాధ్యుడైన ఉపాధ్యాయుడు కావచ్చును. కాగితములకు నకళ్ళు తీసియిచ్చు దుకాణదారు కావచ్చును. కూడబెట్టిన సొమ్ముతో విడిభాగములు కొని కంప్యూటరును తానే కూర్చుకొను విద్యార్థి కావచ్చును. 2022 ఏప్రిల్ వరకు కృష్ణా జిల్లాలోను, అటుపిమ్మట ఎన్.టి.ఆర్. జిల్లాలోను ఉన్న గంపలగూడెము మండలమున మే నెల మధ్యాహ్నములందు ఉష్ణోగ్రత 42 డిగ్రీలు దాటుట వింత కాదు. 22 డిగ్రీల గదిలో పుట్టిన అంకెను 42 డిగ్రీల గదిలో చదువవలసి వచ్చినప్పుడు అందులో ఎంత నిలుచును, ఎంత కరగిపోవును? విచారింపవలసిన ప్రశ్న ఇది.

వేడి పుట్టుట, పోవుట

1971లో ఇంటెల్ సంస్థ విడుదల చేసిన 4004 అను తొలి మైక్రోప్రాసెసరులో 2,300 ట్రాన్సిస్టరులు ఉండెను. అది వెచ్చించు విద్యుచ్ఛక్తి మిక్కిలి స్వల్పము. దానికి కూలరు అక్కరలేకపోయెను. 1993 నాటి పెంటియము ప్రాసెసరు సుమారు 16 వాట్లు తినుచు ఫాను కావలెనని పట్టుబట్టినది. 2023లో వచ్చిన కోర్ ఐ9-14900కె ప్రాసెసరునకు మూలశక్తి 125 వాట్లనియు, ఉరవడిగా పనిచేయునప్పుడు గరిష్ఠశక్తి 253 వాట్లనియు తయారీదారే చెప్పియున్నాడు. ఈ శక్తియంతయు తుదకు వేడిగా మారవలసినదే. సుమారు రెండున్నర చదరపు సెంటీమీటర్ల సిలికాన్ ముక్కనుండి 250 వాట్లు వెలువడుచున్నవనగా చదరపు సెంటీమీటరునకు 100 వాట్లన్నమాట. వేయి వాట్ల ఇస్త్రీపెట్టె అడుగు వైశాల్యమును 200 చదరపు సెంటీమీటర్లుగా గైకొన్నచో అక్కడ చదరపు సెంటీమీటరునకు వచ్చునది 5 వాట్లే. ఇస్త్రీపెట్టె కంటె ఇరువది రెట్లు సాంద్రముగా వేడి పుట్టుచోట, ఉష్ణోగ్రతను నూరు డిగ్రీలకు మించనీయకుండుట కూలరు పని.

ఈ వేడి మజిలీలు చేయుచు ప్రయాణించును. సిలికాను నుండి దానిపైనున్న లోహపు మూతకు, మూతనుండి పలుచని పేస్టుగుండా కూలరు అడుగునకు, అడుగునుండి ఉష్ణనాళములకు, నాళములనుండి అల్యూమినియము రెక్కలకు, రెక్కలనుండి గాలికి. రాగి ఉష్ణవాహకత మీటరు-డిగ్రీకి సుమారు 400 వాట్లు. అల్యూమినియమునకు సుమారు 235. నిశ్చలమైన గాలికి కేవలము 0.026. ఎంత నునుపు చేసినను రెండు లోహతలముల నడుమ కంటికి కానరాని గుంటలు మిగులును. వానిలో గాలి నిలిచినచో వేడికి అడ్డుగోడ కట్టినట్లే. ఆ గాలిని వెడలగొట్టి చోటు నింపుటకే పేస్టు. అది లోహముకంటె మంచి వాహకమేమియు కాదు, గాలికంటె మేలు. కనుకనే అది పలుచగా ఉండవలెను.

ఉష్ణనాళము యొక్క కిటుకు ప్రతి వంటింట కనబడును. ఇడ్లీ పాత్ర అడుగున నీరు ఆవిరియై పైకి పోయి, మూతను తాకి, తాను మోసికొనివచ్చిన వేడిని మూతకిచ్చి, చుక్కలై తిరిగి క్రిందికి జారును. ఉష్ణనాళమున జరుగునదియు ఇదియే. లోపలి గాలిని తీసివేసి, కొద్దిపాటి నీరు పోసి, రెండు కొసలు మూసిన రాగి గొట్టము అది. ఒత్తిడి తక్కువ గనుక నీరు నూరు డిగ్రీలకు ఎంతో ముందుగనే ఆవిరియగును. వేడి కొసన ఆవిరియై, చల్లని కొసన ద్రవమై, లోపలి గోడకున్న వత్తివంటి పొరగుండా తిరిగి వచ్చును. ఈ ఉపాయమునకు 1942లో ఆర్.ఎస్. గాగ్లర్ అమెరికాలో పేటెంటు కోరెను. 1963లో లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జి గ్రోవర్ దానిని స్వతంత్రముగా కనుగొని నిర్మించెను. అంతరిక్ష యంత్రముల అవసరమున పెరిగిన ఈ సాధనము నేడు బల్లక్రింది కంప్యూటరులో ఉన్నది.

చివరి మజిలీ గాలి. ఒక ఘనపు మీటరు గాలిని ఒక డిగ్రీ వేడెక్కించుటకు సుమారు 1,200 జౌళ్ళు పట్టును. నిమిషమునకు ఒక ఘనపు మీటరు గాలి రెక్కల నడుమ పోవుచున్నచో, అది ప్రతి 20 వాట్లకు ఒక డిగ్రీ చొప్పున వేడెక్కును. 150 వాట్ల ప్రాసెసరునకు ఏడున్నర డిగ్రీలు. ఈ లెక్కను తప్పించుకొను కూలరు లోకమున లేదు.

పరీక్షలలోని మేలు

ఒక కూలరు గుణమును ఒక్క అంకెలో చెప్పుటకు శాస్త్రజ్ఞులు వాడునది ఉష్ణనిరోధము. కూలరు అడుగు ఉష్ణోగ్రతనుండి లోనికి వచ్చు గాలి ఉష్ణోగ్రతను తీసివేసి, శేషమును వాట్లతో భాగింపగా వచ్చునది ఆ నిరోధము. వాటు ఒక్కింటికి ఎన్ని డిగ్రీలు పెరుగునో అది చెప్పును. అంకె చిన్నదైనకొలది కూలరు మేలు. 1997లో ఆనంద్ లాల్ షింపీ స్థాపించిన ఆనంద్‌టెక్ అను పత్రిక 2024 ఆగస్టు 30న మూతపడువరకు, తన పిదపటి కూలరు పరీక్షలలో ప్రాసెసరును కాక, విద్యుత్తుతో వేడెక్కు లోహపు పలకను వాడెను. పలకకు ఇచ్చు వాట్లు పరీక్షకుని చేతిలో ఉండును. ప్రాసెసరు తన ఇష్టానుసారము శక్తిని పెంచుకొనుట, తగ్గించుకొనుట అను చిక్కు అందులో లేదు. శాస్త్రపాఠము చెప్పు ఉపాధ్యాయునకు ఇంతకంటె నచ్చు పద్ధతి యుండదు. మారు రాశులను ఒక్కొక్కటిగా పట్టి నిలిపి, ఒక్కదానిని మాత్రము మార్చుట ప్రయోగమునకు ప్రాణము కదా.

అయినను ఆ పద్ధతికిని ఒక లోపము కలదు. పలక అంతటను సమముగా వేడెక్కును. ప్రాసెసరు అట్లు కాదు. అందులో లెక్కలు చేయు భాగములు కొన్ని చదరపు మిల్లీమీటర్లలోనే మండుచుండ, తక్కిన భాగము చల్లగా నుండవచ్చును. ఒక మూలనుండి వచ్చు వేడిని ఆ మూలకు పైనున్న నాళములే ముందుగా మోయవలెను. కావున పలకపై ప్రథమస్థానము పొందిన కూలరు నిజమైన ప్రాసెసరుపై ద్వితీయము కావచ్చును. అందుచేత ఇతర పరీక్షకులు నిజమైన ప్రాసెసరునే వాడుదురు. రెండు పద్ధతులును ఒండొంటికి పూరకములే గాని శత్రువులు కావు. ఏది వాడినది స్పష్టముగా చెప్పని పరీక్షయే నింద్యము.

పెట్టెపై అచ్చువేయు "ఇన్ని వాట్ల కూలరు" అను మాటను ఈ సందర్భముననే తూచవలెను. గాలి ఎన్ని డిగ్రీలు? ప్రాసెసరును ఎన్ని డిగ్రీలవరకు పోనిచ్చిరి? ఈ రెండును చెప్పక వాట్లను మాత్రము చెప్పుట, ఎంత దూరమో చెప్పక రెండు గంటలలో చేరవచ్చునని చెప్పుటవంటిది. ఆస్ట్రియా దేశపు నోక్టువా సంస్థ తన కూలర్లకు వాట్ల సంఖ్య నీయక, తమలో తాము పోల్చుకొనుటకు పనికివచ్చు ఒక అంకెను, ఏయే ప్రాసెసరునకు ఏది తగునో తెలుపు పట్టికను ఇచ్చుచున్నది. అమ్మకందారు స్వయముగా ఇచ్చు అంకె గనుక దానిని పరీక్షకు బదులుగా ఎంచరాదు. కాని వాట్ల సంఖ్యకు ఒంటరిగా అర్థము లేదని ఒప్పుకొనుట మెచ్చదగినది.

మొదటి లోపము: గది

మంచి పరీక్షకులు ప్రాసెసరు ఉష్ణోగ్రతనుండి గది ఉష్ణోగ్రతను తీసివేసి, భేదమును ప్రకటింతురు. అది న్యాయమే. గది ఏదైనను భేదము ఇంచుమించు ఒకటే గనుక గంపలగూడెము చదువరి దానికి తన గది ఉష్ణోగ్రతను కలుపుకొనవచ్చును. కాని పలువురు చదువరులు పటములోని పొడవాటి గీతలను చూతురే గాని కలుపుట మరచెదరు.

ఉదాహరణమునకు 22 డిగ్రీల గదిలో ఒక ప్రాసెసరును క కూలరు 70 డిగ్రీలకడ, చ కూలరు 78 డిగ్రీలకడ నిలిపినవనుకొందము. పరీక్షకుడు "రెండును చాలును, చవుకదానిని కొనుడు" అని తీర్పు చెప్పును. తన గదికి అది సరియైన తీర్పు. 42 డిగ్రీల గదిలో ఈ అంకెలు 90, 98 అగును. ప్రాసెసరు హద్దు 100 డిగ్రీలైనచో చ కూలరు అంచున నిలిచినది. గది 45 డిగ్రీలకు చేరిన నాడు అది హద్దు దాటవలెను. దాటక మునుపే ప్రాసెసరు తన వేగమును తానే తగ్గించుకొనును. చల్లని దేశమున అలంకారప్రాయమైన ఎనిమిది డిగ్రీలు ఇక్కడ పని జరుగుటకును, కుంటుపడుటకును నడుమనున్న ఎడమైనవి.

ఇట్లు కలుపుటయు కనీసపు లెక్కయే. సిలికాను వేడెక్కినకొలది ట్రాన్సిస్టరులగుండా వృథాగా కారిపోవు విద్యుత్ప్రవాహము హెచ్చును. ఒకే పని చేయుచున్నను వేడి ప్రాసెసరు ఎక్కువ వాట్లు తినును. కావున గది 20 డిగ్రీలు పెరిగినచో ప్రాసెసరు 20కి కొంచెము మించియే పెరుగును. వేడి గాలి పలుచబడుటయు ఒక కారణము. 22 నుండి 42 డిగ్రీలకు పోవునప్పటికి గాలి సాంద్రత నూటికి ఆరు పాళ్ళు తగ్గును. ఇవి చిన్నవియే గాని ఒకే దిక్కునకు లాగుచున్నవి.

అంకెలు ఎట్లు మారునో చూపుటకు ఎ.ఎమ్.డి. సంస్థవారి సూత్రము చక్కని సాక్ష్యము. రైజన్ 7 2700ఎక్స్ అను 2018 నాటి ప్రాసెసరునకు 105 వాట్లని వారు ప్రకటించిరి. ప్రాసెసరు మూత 61.8 డిగ్రీలు, కూలరులోనికి పోవు గాలి 42 డిగ్రీలు, కూలరు ఉష్ణనిరోధము 0.189 అని గైకొని, 61.8 లోనుండి 42 తీసివేసి, 0.189 చేత భాగించి ఆ 105ను సాధించిరి. ఇచ్చటి 42 గది ఉష్ణోగ్రత కాదు. మూసిన పెట్టెలో ఫాను ముందరి గాలిది. పెట్టెలోని గాలి గదికంటె ఆరు డిగ్రీలు వేడియనుకొన్నచో ఆ గది 36 డిగ్రీలన్నమాట.

ఇప్పుడు అదే కూలరును రెండు గదులలో ఉంచి చూడవలెను. 22 డిగ్రీల గదిలో ఫాను ముందరి గాలి 28, 61.8 లోనుండి 28 పోగా 33.8, దానిని 0.189 చేత భాగింపగా సుమారు 179 వాట్లు. గంపలగూడెములో 42 డిగ్రీల గదిలో ఫాను ముందరి గాలి 48, శేషము 13.8, భాగింపగా 73 వాట్లు. లోహము మారలేదు, ఫాను మారలేదు, ప్రాసెసరు మారలేదు. ఒకచోట 179, ఒకచోట 73. గది ఉష్ణోగ్రతను చెప్పని పరీక్షయందు ఏ పాటి విలువ మిగిలినదో ఈ రెండు అంకెలే చెప్పును.

రెండవ లోపము: ఉష్ణమాపకము

వెనుకటి ప్రాసెసర్లు స్థిరమైన వేగముతో నడచెడివి. కూలరు మేలైనదైనచో ఉష్ణోగ్రత తగ్గెడిది. ఉష్ణోగ్రత చూచి కూలరును తూచుట చెల్లెడిది. నేటి ప్రాసెసర్లు అట్టివి కావు. 2022లో వచ్చిన రైజన్ 9 7950ఎక్స్, బరువైన పని పడినప్పుడు 95 డిగ్రీలవరకు పోవుటయే తన పద్ధతియనియు, దానివలన హాని లేదనియు ఎ.ఎమ్.డి. సంస్థయే ప్రకటించినది. కూలరు ఎంత వేడిని మోయగలిగిన అంత వేగమును అది పెంచుకొనును. అట్టి ప్రాసెసరుపై నాసికూలరు పెట్టినను 95, మేలైనది పెట్టినను ఇంచుమించు 95. ఉష్ణమాపకము రెండును సమానమని చెప్పును. అది అబద్ధము చెప్పలేదు. అడుగరాని ప్రశ్నను దానిని అడిగిరి. అడుగవలసినది: ఆ ఉష్ణోగ్రతకడ ఎన్ని వాట్లు నిలిచినవి? ఎంత వేగము నిలిచినది? ఇచ్చిన పని ఎన్ని నిమిషములలో ముగిసినది?

ఉష్ణోగ్రత చెప్పు సాధనమునకును హద్దులు కలవు. ప్రాసెసరులోని ఉష్ణమాపకము ఒక్కొక్క డిగ్రీ మెట్టుగా చెప్పును. గరిష్ఠపు హద్దు దగ్గర అది నమ్మదగినది. ఆ హద్దునకు దూరమైనకొలది తప్పు పెరుగును. ప్రాసెసరును కాపాడుటకు పెట్టిన సాధనమది, ప్రయోగశాలకు చేసినది కాదు. పని లేని వేళ 34 డిగ్రీలా, 36 డిగ్రీలా అని పోల్చి బహుమానములు పంచు పరీక్షలు ఈ సంగతిని గమనింపవలెను.

మూడవ లోపము: ఒక్కమారు బిగించి తీర్పు చెప్పుట

కూలరును విప్పి, తుడిచి, మరల పేస్టు పూసి బిగించినచో ఉష్ణోగ్రత ఒకటి రెండు డిగ్రీలు మారుట సాధారణము. పేస్టు మందము మారును. మరల ఒత్తిడి మారును. తలము తలముపై ఆనుతీరు మారును. 2024లో వచ్చిన నోక్టువా ఎన్‌హెచ్-డి15 జి2 అను కూలరును అడుగు ఉబ్బు ఎక్కువ, తక్కువ, మధ్యమము అను మూడు రకములుగ చేసిరి. ప్రాసెసరు మూత, దానిని పట్టియుంచు చట్రమువలన కలుగు వంపు ఒక్కొక్కచోట ఒక్కొక్క రీతిగా నుండుటయే దీనికి కారణము. కంటికి కానరాని వంపుకొరకు మూడు అడుగులు చేయవలసి వచ్చినప్పుడు, ఒక్క బిగింపుతో సాధించిన ఒక డిగ్రీ భేదమును నమ్ముట ఎట్లు?

విద్యార్థులు ఈ లెక్కను చూడవలెను. క కూలరును మూడుమారులు బిగింపగా 71, 73, 70 డిగ్రీలు వచ్చినవనుకొందము, సగటు 71.3. చ కూలరునకు 72, 70, 73, సగటు 71.7. భేదము సుమారు 0.3 డిగ్రీ. కాని ఒక్కొక్క కూలరులోనే మూడు డిగ్రీల చెదరు ఉన్నది. ఈ పరీక్షనుబట్టి క మేలని చెప్పుటకు వీలులేదు. ఒక్కమారే బిగించిన పరీక్షకుడు, చేతికి వచ్చిన అంకె 73కు 70 అయినచో చ కూలరునకు ప్రథమస్థానము, 70కి 73 అయినచో క కూలరునకు ప్రథమస్థానము ఇచ్చియుండును. ఇరువది కూలర్లను వరుసబెట్టి ఒకటవది, రెండవది, మూడవది యని సంఖ్యలు వేయు పట్టికలలో చాలభాగము ఇట్టి చెదరుపైననే కట్టబడినవి. వరుసకు బదులు గుంపులు చేసి, "ఈ అయిదును ఒక తరగతి" అని చెప్పుట నిజమునకు దగ్గర.

నాలుగవ లోపము: చప్పుడు

ఫాను వేగము పెంచినచో ఏ కూలరైనను కొంత మెరుగగును. కాని వేగమును రెట్టింపు చేసినచో చప్పుడు సుమారు 15 డెసిబెల్లులు పెరుగును. ఫాను తిను శక్తి ఎనిమిది రెట్లగును. కావున గరిష్ఠవేగమున మాత్రమే పోల్చుట చెవికి అన్యాయము. గేమర్స్ నెక్సస్ మొదలైన పరీక్షకులు ప్రతి కూలరు చప్పుడును ఒకే స్థాయికి, 35 డెసిబెల్లులకు, తెచ్చి పిదప ఉష్ణోగ్రతలను పోల్చుట మెచ్చదగిన పని. ధ్వనిమాపకమును ఎంత దూరమున ఉంచిరో కూడ చెప్పవలెను. బయలున దూరము రెట్టింపైనచో ఆరు డెసిబెల్లులు తగ్గును. దూరము చెప్పని డెసిబెల్లు అంకె మరియొక పరీక్షలోని అంకెతో పోల్చదగినది కాదు.

ఇంతవరకు బాగుగనే యున్నది. కాని గంపలగూడెములో మే నెల మధ్యాహ్నము కంప్యూటరు గదిలో సీలింగు ఫాను తిరుగకుండునా? ఆ గాలిహోరులో 28 డెసిబెల్లుల కూలరునకును 33 డెసిబెల్లుల కూలరునకును భేదము ఎవరికిని వినబడదు. నిశ్శబ్దమునకై పెట్టు అదనపు మూల్యము ఇక్కడ చాలవరకు వృథా. నిశ్శబ్దమునకు తల యొగ్గి ఫానును మెల్లగా త్రిప్పు కూలరు ఇక్కడ మధ్యాహ్నము పూట అపకారమే చేయవచ్చును. పరీక్షకుని గదిలో గుణమైనది చదువరి గదిలో దోషమగుట ఇట్లే.

అయిదవ లోపము: దుమ్ము, మూత, కాలము

చాలమంది పరీక్షకులు బల్లపై తెరచియుంచిన కంప్యూటరునందే కూలరును పరీక్షింతురు. ఫాను ముందరి గాలి అప్పుడు గది గాలియే. మూసిన పెట్టెలో, అందును బల్లక్రింది చెక్క అరలో ఇరికించిన పెట్టెలో, కూలరు తాను వదలిన వేడి గాలినే మరల పీల్చుకొనుచుండును. వెలగల కూలరు తగ్గించు మూడు నాలుగు డిగ్రీలను పెట్టెను అరనుండి వెలుపలికి లాగి గోడకు జానెడు దూరమున నిలుపుట ఊరకనే తగ్గింపవచ్చును.

పరీక్ష సాగునది అరగంట, లేదా గంట. కూలరు బ్రతుకు ఐదారేండ్లు. ఊరి వీధిదుమ్ము, పత్తి పండు పల్లెలలోని నూగు, సుద్దముక్క పొడి, ఇవన్నియు రెక్కల నడుమ పేరుకొనును. దగ్గరదగ్గరగా రెక్కలున్న కూలరు కొత్తలో ఎక్కువ వైశాల్యముచే గెలుచును. దుమ్ము పట్టిన పిదప ఆ ఇరుకు సందులే ముందుగా మూసుకొనును. ఎడముగా రెక్కలున్నది మెల్లగా మూసుకొనును, సులభముగా శుభ్రపడును. ఆరు నెలల పిమ్మట మరల తూచిన పరీక్షలు మిక్కిలి అరుదు. వేసవికి పూర్వము ఒకమారు కుంచెతో దులుపుటకు వీలైన కూలరు, పట్టికలో ఒక మెట్టు క్రిందనున్నను, పాఠశాలకు మేలు.

నీటి కూలరును కంప్యూటరునకు ఎదురుగా నిలుపు అలవాటు కొన్నిచోట్ల ఉన్నది. గాలి చల్లబడునుగాని తేమ హెచ్చును. తేమ తగిలిన దుమ్ము రెక్కలకు బురదవలె అంటుకొనును. గదిని చల్లబరచుటకు దానిని దూరముగా నుంచి, కిటికీ తెరచి వాడవచ్చును. పెట్టె మొగమున నిలుపరాదు.

బడిలో చేయదగిన పరీక్ష

ఈ విమర్శను నమ్మవలసిన పని లేదు, చేసి చూడవచ్చును. కావలసినవి పాఠశాలలోని ఒక కంప్యూటరు, ప్రాసెసరు ఉష్ణోగ్రతను, వేగమును చూపు ఉచిత ప్రోగ్రాము ఒకటి, ప్రాసెసరునకు ఎడతెగని పని పెట్టు ప్రోగ్రాము ఒకటి, ప్రయోగశాలలోని ఉష్ణమాపకము, గడియారము.

ఉష్ణమాపకమును పెట్టెలోనికి గాలి పోవుచోట, ఎండ తగులకుండ కట్టవలెను. పని మొదలుపెట్టి అయిదేసి నిమిషములకు ఒకమారు గాలి ఉష్ణోగ్రత, ప్రాసెసరు ఉష్ణోగ్రత, వేగము, ఈ మూడును వ్రాసికొనుచు అరగంట సాగింపవలెను. ఉదయము ఏడు గంటలకు ఒకమారు, మధ్యాహ్నము మూడు గంటలకు ఒకమారు చేయవలెను. చలికాలమునను, వేసవియందును మరల చేసినచో మరింత మేలు. ఒక్కొక్క పరీక్షను మూడుమారులు చేసి, సగటును, చెదరును రెంటిని వ్రాయవలెను. పిదప కరెంటు తీసివేసి, తీగను ఊడదీసి, ఫాను రెక్కను వ్రేలితో పట్టుకొని దుమ్ము దులిపి, మరల అదే పరీక్ష చేయవలెను. పేస్టు మార్చదలచిన ఉపాధ్యాయులు పాతదానిని పూర్తిగా తుడిచి, కొత్తదానిని బఠాణీగింజంత మాత్రము పెట్టుట చాలును.

గాలి ఉష్ణోగ్రతను అడ్డముగను, ప్రాసెసరు ఉష్ణోగ్రతను నిలువుగను గీసికొన్న పటములో బిందువులు ఏటవాలు గీతగా ఏర్పడును. గాలి ఒక డిగ్రీ పెరిగినప్పుడు ప్రాసెసరు ఒక డిగ్రీ పెరిగినచో ఉష్ణనిరోధము స్థిరమని తేలినట్లు. ఒకటికి మించి పెరిగినచో వేడితోపాటు ప్రాసెసరు తిను వాట్లును హెచ్చినవని అనుమానింపవచ్చును. ఫాను తన వేగమును పెంచుకొన్నచో గీత వాలు తగ్గును. ఒకచోట గీత అడ్డముగా తిరిగి, వేగపు అంకె పడిపోయినచో అది ప్రాసెసరు హద్దు. ఇంత సమాచారము వెలగల పరీక్షలలో పెక్కింటియందు దొరకదు. గంపలగూడెము గదికి సరిపడునది అసలే దొరకదు.

తీర్పు

ఒకప్పుడు కంప్యూటరు గొప్పవారి అతిథివంటిది. హైదరాబాదులో 1967లో స్థాపింపబడిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ 1969లో టి.డి.సి.-12 కంప్యూటరును నిర్మించిన కాలమున, పెద్ద కంప్యూటర్లున్నచోట యంత్రముకొరకు గదినే చల్లగా ఉంచుట ఆచారము. నేడు ఆ యంత్రము మనుష్యులు చెమటోడ్చు గదిలోనికే వచ్చి కూర్చున్నది. పరీక్షలు మాత్రము ఇంకను చల్లని గదినుండి వెలికి రాలేదు.

పరీక్షకులు అబద్ధములు వ్రాయుచున్నారని దీని అర్థము కాదు. వారిలో శ్రద్ధగలవారు గది ఉష్ణోగ్రతను, వాట్లను, చప్పుడు దూరమును, బిగింపుల సంఖ్యను చెప్పుచున్నారు. అట్టివారి అంకెలు ఏ ఊరికైనను మార్చుకొని వాడదగినవి. ఈ నాలుగును చెప్పని పరీక్షను, దానిలోని బొమ్మలు ఎంత అందముగా ఉన్నను, ప్రకటనగానే ఎంచవలెను. కొనువాడు తన లెక్కను తుదినుండి మొదలుపెట్టవలెను: తన గదిలో మే నెల మధ్యాహ్నపు ఉష్ణోగ్రత ఎంత, పెట్టెలో అది ఎంతకు పెరుగును, ప్రాసెసరు హద్దు ఎంత, మిగిలిన డిగ్రీలెన్ని. ఆ మిగిలిన డిగ్రీలలో తన ప్రాసెసరు వాట్లను మోయు కూలరే అతనికి తగినది. అట్టిది లేనిచో తక్కువ వాట్ల ప్రాసెసరును ఎన్నుకొనుట తెలివి. 65 వాట్ల ప్రాసెసరు మధ్యాహ్నము మూడు గంటలకును తన వేగము నిలుపుకొనగలిగిన, దుమ్ములో వగర్చుచు వేగము దించుకొను 250 వాట్ల ప్రాసెసరుకంటె పిల్లల పాఠమునకు అదియే నయము. విద్యుత్తు బిల్లునకును అదియే నయము.